రాత్రి పదిన్నర తరవాత చదువు: ఇంటర్‌ రెండో ఏడాది విద్యార్థినికి ఒక సమాధానం

ప్రశ్న: మేడమ్‌ గారికి నమస్కారాలు. నేను ఇంటర్‌ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. గుంటూరులో హాస్టల్లో ఉండి నీట్‌కు కూడా తయారవుతున్నాను. పొద్దున 5 గంటలకు లేపుతారు. రాత్రి పదిన్నరకు స్టడీ అవర్స్‌ అయిపోతాయి. ఆ తరవాత దుప్పటి కప్పుకొని టార్చిలైటు వెలుగులో ఒంటిగంట దాకా చదువుతున్నాను. అయినా ఆగస్టులో నమూనా పరీక్షల్లో 510 దాకా వచ్చిన మార్కులు దసరా సెలవుల తరవాత 430కి పడిపోయాయి. తెలిసిన ప్రశ్నలకే తప్పు జవాబులు పెడుతున్నాను. తలనొప్పి వస్తోంది, మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతలు పడుతున్నాయి. ఇలాగే ఉంటే కింది సెక్షన్‌కు మారుస్తామన్నారు. పదో తరగతి దాకా ఖోఖో బాగా ఆడేదాన్ని. ఇప్పుడు పది నిమిషాలు ఊరికే కూర్చున్నా నాన్న డబ్బు దొంగిలించినట్టు అనిపిస్తోంది. మిరప తోట మీద అప్పు తెచ్చి ఫీజు కట్టారు. ఇంకో గంట నిద్ర తగ్గించుకుంటే దారిలో పడతానా? ఆరోగ్యం, చదువు రెండూ ఎలా చూసుకోవాలి? ఒక్కోసారి పొద్దున మెలకువ రాకపోతే బాగుండు అని కూడా అనిపిస్తుంది.

సమాధానం: చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు అడిగిన రెండు ప్రశ్నల కంటే ముందు, ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మాటకు జవాబు చెప్పాలి. పొద్దున మెలకువ రాకపోతే బాగుండనిపిస్తుందని రాశావు. ఆ మాట రాసినందుకు నిన్ను తప్పు పట్టను. రాశావు కాబట్టే ఈ రోజు దాని గురించి మాట్లాడగలుగుతున్నాను. వారాల తరబడి నాలుగు గంటల నిద్రతో, ఇంటికి దూరంగా, ప్రతి ఆదివారం పరీక్ష రాస్తూ గడుపుతున్న పదిహేడేళ్ల పిల్లకు అలాంటి తలపు రావడం పిరికితనం కాదు, సోమరితనం అసలే కాదు. కానీ అది ఒక్కదానివే మోయవలసిన బరువు కూడా కాదు. ఈ జవాబు చదివిన రోజే మీ అమ్మకో, నీకు చనువున్న అధ్యాపకురాలికో, వార్డెన్‌కో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చెప్పు. చెప్పడానికి నోరు రాకపోతే కాగితం మీద రాసి చేతిలో పెట్టు. కేంద్ర ఆరోగ్యశాఖ 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్‌ అనే సహాయ కేంద్రం ఉంది. 14416 నంబరుకు పగలూ రాత్రీ ఏ వేళ చేసినా డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. హాస్టల్లో నీ దగ్గర ఫోను ఉండదని నాకు తెలుసు. అందుకే ముందు మనిషికి చెప్పమంటున్నాను. ఆ మనిషి ఫోను నుంచే మాట్లాడవచ్చు. ఆ తలపు ఎప్పుడైనా బలంగా వచ్చినా, నీకు నువ్వు హాని చేసుకోవాలన్న ఆలోచనగా మారినా, తెల్లవారనీ అని ఆగవద్దు. పక్క మంచం మీద ఉన్న స్నేహితురాలిని లేపు, ఇద్దరూ కలిసి వార్డెన్‌ తలుపు తట్టండి. అర్ధరాత్రి ఎవరినో ఇబ్బంది పెడుతున్నాననే మొహమాటం ఆ సమయంలో అక్కరలేదు.

కౌన్సెలర్‌ను అడిగితే ఏమనుకుంటారో అన్న సంకోచం నీకు ఉండవచ్చు. 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేసు మన రాష్ట్రానిదే. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న నీ వయసు అమ్మాయి మరణంపై ఆమె తండ్రి న్యాయస్థానానికి వెళ్లడంతో మొదలైనది. వంద మందికి తక్కువ కాకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌ను కనీసం ఒకరిని నియమించాలని, మార్కులను బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలని అందులో ఉంది. కాబట్టి కౌన్సెలర్‌తో మాట్లాడాలని నువ్వు అడిగితే అది దయ కోరడం కాదు, నీకు దక్కవలసినది అడగడం. ఈ సంగతి మీ నాన్నగారికి కూడా తెలియాలి.

ఇక నిద్ర సంగతి. ఇంకో గంట తగ్గించుకుంటే దారిలో పడతానా అని అడిగావు. పడవు. ఇప్పటికే తగ్గించుకున్న నిద్రే నీ మార్కులను తినేస్తోందని నీ ఉత్తరమే చెబుతోంది. నీట్‌లో 180 ప్రశ్నలకు 720 మార్కులు. సరైన జవాబుకు 4 వస్తాయి, తప్పు జవాబుకు 1 పోతుంది. అంటే తెలిసిన ప్రశ్నకు తప్పు జవాబు గుర్తించినప్పుడల్లా, రావలసిన 4, కోత పడిన 1 కలిపి 5 మార్కులు చేజారతాయి. నీకు తగ్గినవి 80. ఐదు చొప్పున లెక్కవేస్తే 16 ప్రశ్నలు. రెండు నెలల్లో నీ చదువంతా కూలిపోయిందని నువ్వు భయపడుతున్నావు. నిజానికి 180 ప్రశ్నల్లో ఒక 16 చోట్ల చూపు జారి ఉంటే చాలు, ఈ తేడా రావడానికి. ‘కింది వాటిలో సరికాని వాక్యం ఏది’ అన్న ప్రశ్నను ‘సరైన వాక్యం ఏది’ అని చదువుకోవడం, ఘాతంలో ఒక సున్నా వదిలేయడం, రెండు అని అనుకొని మూడో గడి నింపడం, ఇవన్నీ పాఠం రాక జరిగే తప్పులు కావు, అలసిన మెదడు చేసే తప్పులు. అయితే నేను ఊహించి చెప్పేది నువ్వు నమ్మనక్కరలేదు. గడిచిన మూడు పరీక్షల ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకొని ఒక కాగితం మీద రెండు గడులు గీయి. పాఠం రాక పోయినవి ఒక గడిలో, తెలిసి కూడా తప్పినవి మరో గడిలో వేస్తూ వెళ్లు. మొదటి గడి పెద్దదైతే చదవవలసిన పాఠాలు ఉన్నాయని అర్థం. రెండో గడి పెద్దదైతే, తెల్లవార్లూ చదివినా అది తగ్గదు, పెరుగుతుంది.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్రాశాస్త్ర వైద్యులు చెబుతారు. పగలు చదివినది మెదడులో కుదురుకొని నిలిచేది చాలావరకు నిద్రలోనే. అందుకని పదిన్నర తరవాత టార్చిలైటు వెలుగులో నువ్వు చేసే రెండున్నర గంటల చదువు, పగలంతా చదివిన చదువును నిలవనీయకుండా చేస్తోంది. నేను ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాను కాబట్టి నీ పాఠంలోంచే ఒక సంగతి గుర్తుచేస్తాను. ఫొటోపీరియాడిజమ్‌లో, అంటే పగలూ రాత్రీ నిడివిని బట్టి మొక్కలు పూయడం గురించిన పాఠంలో, పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూసే షార్ట్‌ డే మొక్కల గురించి చదివే ఉంటావు. చామంతి ఆ జాతిది. అది మొగ్గ తొడగాలంటే రాత్రి పొడవుగా ఉంటే చాలదు, ఆ చీకటి మధ్యలో తెగకుండా ఉండాలి. నడిరాత్రి కాసేపు దీపం పెడితే చాలు, పగలు ఎంత ఎండ కాసినా ఆ మొక్క పూత మానేస్తుంది. తోటల వాళ్లు చామంతి పూతను వెనక్కి జరపాలనుకుంటే చేసే పని అదే. నీకూ చామంతికీ జీవప్రక్రియ ఒకటి కాదు, ఆ తేడా నీకు తెలుసు. అయినా రాత్రి అనేది ప్రాణి వృథా చేసే సమయం కాదని, ఆ వేళకు తనదైన పని ఉంటుందని ఆ పాఠం చెప్పేటప్పుడల్లా నాకు అనిపించేది. మార్కుల కోసం మాత్రమే చదవకుండా ఒకసారి ఆ పాఠం ఆ దృష్టితో చదువు.

మరో లెక్క కూడా ఉంది. ఇంటర్‌ పబ్లిక్‌ పరీక్షలు ఉదయం 9 గంటలకు మొదలవుతాయి. నీట్‌ మధ్యాహ్నం 2 గంటలకు మొదలవుతుంది. నువ్వు రోజూ నడిరాత్రి మేలుకొని, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కునికిపాట్లు పడుతున్నావు. మే నెల ఎండల్లో, సరిగ్గా అదే మధ్యాహ్నపు వేళ, మూడు గంటలు మెలకువగా, చురుగ్గా ఉండవలసి వస్తుంది. ఇప్పుడున్న అలవాటు ఆ రోజుకు సరిగ్గా వ్యతిరేకమైన సాధన.

మీ హాస్టలు సమయాలు నీ చేతిలో లేవని నేను మరచిపోలేదు. పదిన్నరకు స్టడీ అవర్స్‌ ముగించి, ఐదింటికి లేపితే ఎంత వెంటనే పడుకున్నా ఆరు గంటల పైచిలుకు మాత్రమే మిగులుతుంది. అది నీ వయసుకు చాలదు, చాలుతుందని నేను అబద్ధం చెప్పను. కౌమారంలో శరీరంలోని గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్ర వచ్చేదే ఆలస్యంగా వస్తుంది, తెల్లవారుజామున లేవడం కష్టమవుతుంది. దాన్ని బద్ధకం అని పేరుపెట్టి పిల్లల మీద నీళ్లు చల్లి లేపే ఆచారం మన దగ్గర ఇంకా ఉండడం నాకు బాధ కలిగిస్తుంది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్‌ కేంద్రాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు ఉండకూడదని, తెల్లవారుజామున గానీ రాత్రి పొద్దుపోయాక గానీ నడపకూడదని, వారానికి ఒక సెలవు ఉండాలని, సెలవు మర్నాడు పరీక్ష పెట్టకూడదని రాశారు. జూనియర్‌ కళాశాల హాస్టలుకు ఇవి అక్షరాలా వర్తించకపోయినా, పిల్లలకు ఏది తగినదో చెప్పడానికి ఆధారంగా పనికివస్తాయి. తల్లిదండ్రుల సమావేశంలో నలుగురు కలిసి అడిగితే ఐదు అయిదున్నరయినా అవుతుంది. అంతవరకు నీ చేతిలో ఉన్నది ఆ టార్చిలైటు. దాన్ని పెట్టెలో పెట్టేయి. భోజన విరామంలో ఇరవై నిమిషాలు బల్ల మీద తల వాల్చి కళ్లు మూసుకో. ఆదివారం పరీక్ష అయ్యాక మార్కుల గురించి చర్చించుకుంటూ కూర్చోకుండా ఒకటిన్నర గంట పడుకో. రాత్రి పూట కాఫీ పొడి కలుపుకొని తాగే అలవాటు హాస్టళ్లలో ఉందని నాకు తెలుసు. కాఫీలోని కెఫీన్‌ సుమారు ఐదు గంటల తరవాత కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం ఐదు దాటాక దాన్ని తాకవద్దు. మొదటి నాలుగైదు రోజులు పదిన్నరకు పడుకుంటే గుండె దడదడలాడుతుంది, మిగతావాళ్లు చదువుతున్నారేమో అనిపిస్తుంది. ఆ దడ ఉంటుందని ముందే తెలిస్తే దానికి లొంగిపోవు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన మాట దగ్గరికి వస్తున్నాను. ఊరికే కూర్చుంటే నాన్న డబ్బు దొంగిలించినట్టు ఉంటుందని రాశావు. నీ ఉత్తరంలో తలనొప్పి కంటే, తగ్గిన మార్కుల కంటే నాకు బరువుగా తోచింది ఇదే. మీ నాన్నగారు అప్పు తెచ్చారు, అది నిజం. ఆ కష్టం నీకు తెలియడం మంచిదే, తెలియని పిల్లల కంటే నువ్వు మెరుగు. కానీ అప్పు ఇచ్చినవాడికి కట్టవలసింది డబ్బు. దాన్ని నువ్వు నీ నిద్రతో, నీ తిండితో, నీ ఆటతో కడుతున్నాననుకుంటున్నావు. అలా కట్టినది ఏ ఖాతాలోనూ జమ కాదు. నువ్వు రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నందుకు మీ నాన్నగారి అప్పులో ఒక్క రూపాయి తరగలేదు, నీకు మాత్రం తలనొప్పి మిగిలింది. కష్టపడడం వేరు, తనను తాను శిక్షించుకోవడం వేరు. కష్టం పని ముగిశాక ఆగుతుంది. శిక్షకు ఆగే చోటు ఉండదు, ఎంత చేసినా ఇంకా చాలలేదనిపిస్తుంది. నువ్వు ఇప్పుడు ఉన్నది రెండో దానిలో. దాన్ని క్రమశిక్షణ అని మెచ్చుకునేవాళ్లు నీ చుట్టూ ఉండవచ్చు. నేను మెచ్చుకోలేను.

ఎందుకు మెచ్చుకోలేనో చెప్పడానికి నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో నా తరగతిలో ఒక అమ్మాయి మధ్యాహ్నం పీరియడ్‌లో రోజూ నిద్రపోయేది. రెండుసార్లు హెచ్చరించి, మూడోసారి వెనక బెంచీ దగ్గర గంటసేపు నిలబెట్టాను. ఆమె కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి తీసుకువెళితే ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందని తేలింది. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. మందులు వాడాక కుదుటపడి చక్కగా చదువుకుంది. కానీ ఒక జబ్బును నేను అవిధేయతగా చదివాను. ఆ తరవాత నా ఎదుట కునికిపాట్లు పడిన ఏ పిల్లనూ నిలబెట్టలేదు, ముందు ఏం తిన్నావని అడిగాను.

అందుకే నిన్నూ అడుగుతున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. నీ అలసట అంతా నిద్రలేమి వల్లనే అని నేను ఉత్తరం చూసి తేల్చలేను. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు, లేదా మీ అమ్మ హాస్టలుకు వచ్చినప్పుడు, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి హిమోగ్లోబిన్‌ పరీక్ష చేయించుకో. అది 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే డాక్టరు చెప్పిన ఐరన్‌ మాత్రలు చెప్పినన్ని రోజులు వాడు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే సిగ్గుపడకుండా ఆ సంగతి డాక్టరుకు చెప్పు. తలనొప్పి ఉందన్నావు కాబట్టి కంటి పరీక్ష కూడా చేయించుకో. దుప్పటి కింద టార్చి వెలుగులో చదివిన కళ్లు అవి. ఉదయం టిఫిను మానేసి చదువుకునే అలవాటు ఉంటే ఈ రోజే ఆపేయి. మెస్సులో తోటకూర పప్పు పెట్టిన రోజు మరోసారి వడ్డించుకో, గుడ్డు ఇచ్చిన రోజు వదలకు, మీ అమ్మను వేరుశెనగ ఉండలు, రాగి పిండి పంపమను, అన్నంలో నిమ్మకాయ పిండుకో, భోజనం చేసిన వెంటనే టీ తాగకు. ఇవి పెద్ద ఖర్చు లేని పనులు.

ఖోఖో గురించి రాసిన ఒక్క వాక్యంలో నీ గొంతు మారింది, నేను గమనించాను. మీ హాస్టలుకు మైదానం లేకపోవచ్చు. సాయంత్రం తరగతులకూ స్టడీ అవర్స్‌కూ మధ్య దొరికే గంటలో ఇరవై నిమిషాలు వరండాలోనో, మేడ మీదనో, ఆవరణలోనో చెమట పట్టేలా నడువు. ఆ సమయంలో చేతిలో ఫార్ములాల కాగితం ఉండకూడదు. ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ఊరి పిల్లలతో ఒక పూట ఆడు. ఖోఖో ఆడినదానికి తెలియనిది కాదు, వెన్ను మీద తట్టేదాకా కూర్చొని ఉండడం కూడా ఆటలో భాగమే.

టార్చిలైటు పెట్టెలో పెడితే రెండున్నర గంటలు పోతాయి కదా, వాటిని ఎక్కడ పూడ్చుకోవాలి అని నువ్వు అడుగుతావు. స్టడీ అవర్స్‌లోనే పూడ్చుకోవచ్చు. ఆ గంటల్లో పిల్లలు ఎలా చదువుతారో నేను ఎన్నో ఏళ్లు చూశాను. పుస్తకం తెరిచి ఉంటుంది, రంగు పెన్నుతో గీతలు పడుతుంటాయి, కళ్లు వాక్యాల మీదుగా సాగిపోతుంటాయి, అంతా తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి అడిగితే సగం రాదు. 2006లో అమెరికాలో రోడిగర్‌, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు; కొందరు ఒకసారి చదివి, తరవాత చూడకుండా గుర్తుచేసుకొని రాశారు. ఐదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. వారం తరవాత పెడితే ఫలితం తిరగబడింది. చూడకుండా రాసినవాళ్లే ముందున్నారు. నీకు కావలసింది ఐదు నిమిషాల జ్ఞాపకం కాదు, మే నెల దాకా నిలిచే జ్ఞాపకం.

కాబట్టి పాఠం ఒక్కసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూసేయి. తెల్లకాగితం మీద వచ్చినదంతా రాయి, బొమ్మలు వేయి. తరవాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చు. మర్నాడు ఆ ఎర్ర అక్షరాలే చూసుకో, మూడు నాలుగు రోజులకు మళ్లీ కాగితం మీద పెట్టి చూడు, వారానికి మరోసారి. ఇది మామూలుగా చదవడం కంటే కష్టంగా ఉంటుంది, గంటకు తక్కువ పేజీలు అవుతాయి, మొదట్లో ఏమీ రావడం లేదని బెంగ కలుగుతుంది. ఆ కష్టమే పని జరుగుతోందనడానికి గుర్తు. నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 జీవశాస్త్రానివే, అంటే 360 మార్కులు. ఈ పద్ధతి అన్నిటికంటే ముందు అక్కడే ఫలం ఇస్తుంది. భౌతికశాస్త్రం లెక్కలు మాత్రం బుర్ర తేటగా ఉండే ఉదయపు గంటల్లో పెట్టుకో. ఇంటర్‌ పాఠాలు వేరు, నీట్‌ పాఠాలు వేరు అని రెండు కుప్పలు పెట్టుకోకు. ఒకే పాఠాన్ని చూడకుండా రాసే అలవాటు పబ్లిక్‌ పరీక్షలోని దీర్ఘ సమాధానానికీ సరిపోతుంది.

సెక్షన్‌ మారుస్తారేమోనన్న భయం గురించి ఎక్కువ చెప్పను. అది అవమానంగా అనిపిస్తుంది, అనిపించకూడదని నేను అనలేను. పిల్లల్ని అలా విడదీయడం తప్పని నా అభిప్రాయం, న్యాయస్థానం మాటా అదే. కానీ మార్చినా పాఠ్యపుస్తకం మారదు, పరీక్ష మారదు. నోటీసు బోర్డు మీద ర్యాంకుల జాబితా పెట్టిన రోజు నీ పేరు ఎక్కడుందో ఒక్కసారి చూసుకొని వెనక్కి వచ్చేయి, ఎవరు పైన ఉన్నారో వెతకవద్దు. నీకు పనికివచ్చే జాబితా నువ్వు గీసుకున్న ఆ రెండు గడుల కాగితమే.

మీ నాన్నగారితో మాట్లాడడం నీకు కష్టమని వాక్యాల మధ్య కనిపిస్తోంది. ఆదివారం దొరికే పది నిమిషాల ఫోనులో ఆయన మార్కులు అడుగుతారు, నువ్వు చెబుతావు, ఇద్దరూ మౌనంగా ఉండిపోతారు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఈసారి ఆయన అడగక ముందే నువ్వే మొదలుపెట్టు. “నాన్నా, మార్కులు తగ్గాయి. చదవక కాదు, రాత్రి నిద్ర లేక తెలిసినవి తప్పుతున్నాను. ఒంట్లో కూడా బాగుండడం లేదు. ఇక నుంచి పదిన్నరకు పడుకుంటాను. నెల రోజులు చూద్దాం. ఒకసారి మీరు వచ్చి నన్ను డాక్టరుకు చూపించండి, మా వార్డెన్‌తో కూడా మాట్లాడండి.” ఇంతే చెప్పు. అప్పు గురించి నీకున్న బెంగ కూడా దాచకు. ఫోనులో నోరు పెగలకపోతే ఉత్తరం రాయి. నాకు రాయగలిగినదానివి ఆయనకు రాయలేకపోవు.

ఆయన ఈ జవాబు చదివితే వారికి నా మనవి ఒకటి. అయ్యా, మిరప తోట వాడి వాలితే మీరు మొక్కను కోప్పడరు. వేరు దగ్గర మట్టి తవ్వి చూస్తారు, నీరు నిలిచిందా, పురుగు పట్టిందా అని. మీ అమ్మాయి విషయంలోనూ ముందు అలా చూడండి. పంట కోతలయ్యి యార్డుకు సరుకు తెచ్చే దాకా ఆగకుండా ఈ నెలలోనే ఒకసారి గుంటూరు వచ్చి ఒక పూట ఆమెతో గడపండి. ఆ పూట మార్కుల ప్రస్తావన తేవద్దు. అప్పు తీర్చే బాధ్యత మీదేనని, ఆమెది కాదని మీ నోటితో చెప్పండి. ఆ మాట వేరెవరు చెప్పినా ఆమె నమ్మదు.

డాక్టరు కావాలన్న కోరిక నీదేనని అనుకొని ఇదంతా రాశాను. నీదే అయితే, ఈ ఏడాది సీటు రాకపోయినా ఆ తలుపు మూసుకోదు; నీట్‌ ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు. బైపీసీ చదివినవారికి ఈఏపీసెట్‌ ద్వారా వ్యవసాయ బీఎస్సీ ఉంది, బీఫార్మసీ ఉంది. గుంటూరు పక్కనే లాంలో ఆచార్య ఎన్‌.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. మిరప తోటలో పెరిగిన పిల్లకు అది పరాయి చదువు కాదు. వీటిని ఓడిపోయినవాళ్ల దారులని ఎవరైనా అంటే వినవద్దు. ఇప్పుడు వీటి గురించి తేల్చుకోనవసరం లేదు. మేలో పరీక్ష హాలులో కూర్చున్నప్పుడు, ఈ మూడు గంటల మీదే బతుకంతా ఆధారపడి ఉందన్న భయం లేకుండా ఉండడానికి ఈ సంగతి తెలిసి ఉంటే చాలు.

ఈ రాత్రి పదిన్నర గంట కొట్టగానే పడుకో. అమ్మతోనో, వార్డెన్‌తోనో మాట్లాడావని ఒక్క ముక్క రాసి పంపు, ఎదురుచూస్తుంటాను. వచ్చే నాలుగు ఆదివారాల పరీక్షలకు ఆ రెండు గడుల లెక్క వేసి, రెండో గడిలో ఎన్ని తగ్గాయో కూడా నాకు రాయి.